వానంటే వణికిపోయిన నాకు 14416 చేసిన మేలు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చింది. రెండు కుట్టు మిషన్లు, పెళ్లివారిచ్చిన పట్టు జాకెట్ గుడ్డలు బురదపాలయ్యాయి. మిషన్లు మళ్లీ కొనుక్కున్నాను. కానీ చినుకు పడితే చాలు, గుండె దడదడలాడేది. అర్ధరాత్రి లేచి, గడప దగ్గర నీళ్లున్నాయేమోనని చేత్తో తడిమి చూసేదాన్ని.

14416 నంబరుకు ఫోను చేస్తే మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ గురించి ఆశా కార్యకర్త చెప్పింది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్లకు నా బాధ ఎలా చెప్పుకోవాలి అనుకుంటూనే ఫోను చేశాను. అవతలి అమ్మాయి "చెప్పండమ్మా, వింటున్నాను" అని, నేను ఏడ్చినంతసేపూ ఆగింది. నాకు నమ్మకం అక్కడే కుదిరింది. "ధైర్యంగా ఉండాలి" అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట బంధువుల నోట విని విని అలసిపోయాను. ప్రమాదం దాటిపోయినా శరీరం ఇంకా కాపలా కాస్తూనే ఉంటుందని, అది పిరికితనం కాదని చెప్పింది. దడ వచ్చినప్పుడు ఊపిరి తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు, నెమ్మదిగా వదలమంది. ఎదురుగా కనిపించేవాటి పేర్లు పైకి చెప్పుకోమంది. కత్తెర, టేపు, నీలం దారపు ఉండ...

అవసరమైతే మానసిక వైద్యులతోనూ మాట్లాడిస్తారు. నాకు అంతదాకా రాలేదు. మొత్తం మూడుసార్లు చేశాను. మొన్న రాత్రి వాన కురుస్తుండగానే జాకెట్‌కు చేతులు కుట్టడం పూర్తిచేశాను. గడప వైపు ఒక్కసారే చూశాను.