వి-క్రాస్ ముందు భాగం లేపించాను: రేణిగుంట రోడ్డు షెడ్డుకు అయిదుకు మూడున్నర

మా 2018 మోడల్ ఇసుజు వి-క్రాస్ పికప్‌కు ముందు స్ప్రింగులు, షాకబ్జర్లు మార్పించి సుమారు 40 మిల్లీమీటర్ల ఎత్తు పెంచాను. పని తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్కనున్న ఒక షెడ్డులో జరిగింది. బండి నడక విషయంలో నాకు సంతోషమే. షెడ్డుకు మాత్రం అయిదుకు మూడున్నర. ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో కూడా రాస్తున్నాను కాబట్టి పేరు చెప్పను.

ఇది మన శ్రీసిటీలో తయారైన బండే. అయినా తోట దారుల్లో దానికి ముక్కు దగ్గరే ఇబ్బంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎత్తుగా, ముందు వంగి ఉంటుంది. లోడు పడితే వెనక దిగి సమం అవుతుందని కంపెనీ వాళ్లే అలా పెడతారు, పికప్‌లు చాలావరకు అంతే. పాకాల దగ్గర మా మామిడి తోటకు పోవాలంటే ఒక వంక, అంటే చిన్న వాగు, దాటాలి. వానకు గట్టు కోసుకుపోయిన చోట బంపరు అడుగు, దాని వెనక ఇంజిన్ కింది రేకు రాళ్లకు గీసుకునేవి. తోతాపురి కోతలప్పుడు, అంటే జూన్, జూలై నెలల్లో, దామలచెరువు మండీకి తిరగడమే పని. ఆ రేకు చప్పుడు వింటే పళ్లు జివ్వుమనేవి.

వెనక కూడా లేపించలేదేమని చాలామంది అడిగారు. ముందు డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె, ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. అందుకని ముందు స్ప్రింగు మారిస్తే బంపరు, రేకు, డిఫరెన్షియల్ అన్నీ కలిసి పైకి లేస్తాయి. వెనక కమాన్ కట్టలు ఎంత పెంచినా యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ ఉబ్బు అంగుళం కూడా లేవదు, దాన్ని లేపాలంటే పెద్ద టైరే వేయాలి. నాకు రాయి తగిలేది ముందే కాబట్టి వెనక జోలికి పోలేదు.

షెడ్డులో కుర్రాడు మొదట స్పేసర్లు తెచ్చి చూపించాడు. షాకబ్జర్ పైన పెట్టే మందపాటి ఇనుప బిళ్లలు. "ఇవి ఏస్తే మూడంగుళాలు లేస్తాదినా, బండి పులి మాదిరి ఉంటాది" అన్నాడు. ఖర్చు కూడా స్ప్రింగుల కిట్టుతో పోలిస్తే చాలా తక్కువ. చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఇనుప చేతులు పైనొకటి, కిందొకటి ఉంటాయి, వాటినే ఆర్మ్‌లు అంటారు. షాకబ్జర్ ఆ కింది ఆర్మ్ మీద, చక్రానికి కొంచెం లోపలగా నిలబడుతుంది. అందుకే అంగుళం బిళ్ల వేస్తే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు లేస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. చక్రం గుంటలో పూర్తిగా వేలాడినప్పుడు పాతకంటే అంత కిందికి దిగుతుంది. అప్పుడు పై ఆర్మ్‌ను చక్రానికి కలిపే బాల్ జాయింట్ హద్దు దాకా వంగుతుంది, యాక్సిల్ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరిగి వాటి మీది రబ్బరు తొడుగులు (బూట్లు) చిరుగుతాయి. రోడ్డు మీద తిరిగే బండికి సన్న బిళ్ల వేసుకుంటే పర్వాలేదేమో. వంకలో దిగే బండికి మూడంగుళాల బిళ్ల నేనైతే వేయను.

షెడ్డు యజమాని అంతలో వచ్చి అడిగిన ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది. "ముందర ఇనప బారు గానీ, వించ్ గానీ పెడతావానా?" అన్నాడు. వించ్ అంటే ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు. లేదన్నాను. అయితే తేలిక స్ప్రింగే తెప్పిస్తానన్నాడు. ఓల్డ్ మ్యాన్ ఈము అనే ఆస్ట్రేలియా కిట్టులో ముందు మోసే బరువును బట్టి స్ప్రింగులు వేరువేరుగా ఉంటాయి. బరువు లేని బండికి బరువు స్ప్రింగు వేస్తే ఎత్తు అనుకున్నదానికంటే ఎక్కువ వస్తుంది, నడక చెక్కబండి అవుతుంది. ఈ ప్రశ్న అడగని షాపులో ఏ కంపెనీ కిట్టు అయినా కొనొద్దు.

మేస్త్రీ పనికి వంక పెట్టలేను. జాకీ మీదే వదిలేయకుండా ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాడు. చక్రం వేలాడితే లాగుకుపోకుండా బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ క్లిప్పులు ముందే విప్పాడు. స్టెబిలైజర్ (మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు, పై బాల్ జాయింట్, ఆ తర్వాత షాకబ్జర్ పై నట్లు, కింది బోల్టు విప్పి స్ప్రింగుతో సహా మొత్తం బయటికి తీశాడు. స్ప్రింగు విప్పడానికి దాన్ని నొక్కిపట్టే, గోడకు బిగించిన కంప్రెసర్ వాడాడు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే మనిషిని చంపేంత బలంతో ఎగురుతుంది. రెండు హుక్కులు తగిలించి, పైన గోనెపట్టా కప్పి విప్పే చోట్లు కూడా చూశాను. అలాంటి చోట సైకిల్ కూడా వదలను.

అన్నిటికంటే నచ్చింది బుష్‌ల దగ్గర చూపిన ఓపిక. ఆర్మ్ ఛాసిస్‌కు కలిసే చోట ఉండే బుష్‌లో రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బండి గాల్లో ఉండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, చక్రాలు నేలకు ఆనగానే ఆ రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కిర్రుమంటూ త్వరగా చిరుగుతుంది. గాలి గన్ను చేతిలో ఉంటే చాలామంది ఇదంతా పట్టించుకోరు. ఈయన మాత్రం వదులుగా ఉంచి, చక్రాలు వేసి, బండి దించి, బంపరు నొక్కి నాలుగుసార్లు ఊపి, అప్పుడు కింద దూరి, ఎంత బలంతో బిగించాలో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాడు. బిగించిన ప్రతి నట్టు మీద తెల్ల పెయింటు గీత పెట్టాడు. నట్టు వదులైతే గీత పక్కకు జరుగుతుంది, మనకే కనిపిస్తుంది. ఇదంతా నేను అడక్కుండానే చేశాడు.

ఎత్తు నేను సొంతంగా కొలుచుకున్నాను. చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా టేపు పెట్టాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి లెక్క మారుతుంది. బిగించిన రోజు 46 మిల్లీమీటర్ల తేడా వచ్చింది, స్ప్రింగులు సర్దుకున్నాక 40 దగ్గర నిలిచింది. కుడి పక్క ఎడమకంటే రవ్వంత తక్కువ ఉంది, కంటికి ఆనదు.

ఇక కోసిన మార్కుల సంగతి. ముందు లేపితే చక్రాల కోణాలన్నీ మారతాయి. పై ఆర్మ్ పొట్టి, కింది ఆర్మ్ పొడుగు కాబట్టి చక్రం పైభాగం బయటికి వాలుతుంది. ఆ వాలు కోణాన్ని కేంబర్ అంటారు. కాస్టర్, అంటే స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం, తగ్గుతుంది. దాంతో మలుపు తిప్పాక స్టీరింగు తనంతట తాను నేరుగా రావడంలో బద్ధకం, స్పీడులో బండి అటూ ఇటూ పోవడం. టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో చూసే కోణం, అది కూడా తప్పుతుంది. ఈ మూడూ సరిచేయకుండా ఈ పని పూర్తయినట్టు కాదు. షెడ్డులో అలైన్‌మెంట్ మిషన్ లేదు, అది తప్పు కాదు. కానీ వాళ్లు పంపిన టైర్ల షాపులో టో ఒక్కటే సర్ది పంపేశారు. కాగితం అడిగితే ఇచ్చారు, అందులో కేంబర్, కాస్టర్ రెండూ ఎర్ర రంగులోనే, అంటే హద్దు దాటే ఉన్నాయి. "స్టీరింగ్ నేరుగానే ఉంది కదనా, ఏమీ కాదు" అని యజమాని ఫోన్లో తేల్చేశాడు. కొత్త టైర్లు లోపలో బయటో అరిగిపోయాక ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి? ఇంకోచోట మళ్లీ డబ్బు కట్టి మూడూ సరిచేయించాను. చేసేముందు, చేశాక లెక్కలు రెండూ ఉన్న కాగితం చేతికి రాకుండా మీరు ఎక్కడా డబ్బు కట్టకండి.

ఇంకొకటి హెడ్‌లైట్లు. ముక్కు లేస్తే వెలుగూ లేస్తుంది, అసలు వాటిని ముట్టుకోలేదు. పైగా వెనక మామిడి క్రేట్లు పడితే ముక్కు ఇంకా పైకి చూస్తుంది. చంద్రగిరి నుంచి రాత్రి వస్తుంటే ఎదురొచ్చే ప్రతివాడూ డిప్పర్ కొట్టాడు. ఇంటి గోడ ముందు బండి నిలిపి, స్క్రూ తిప్పి నేనే దించుకున్నాను. సగం లోడు వేసి సర్దితే రెండు పరిస్థితులకూ సరిపోతుంది.

మొదటి వారంలో స్పీడ్ బ్రేకర్ల మీద టక టక మని శబ్దం కూడా వచ్చింది. స్టెబిలైజర్ లింకు నట్టు వదులుగా ఉంది. తెల్ల గీత లేని నట్టు అదొక్కటే. డబ్బు తీసుకోకుండా బిగించారు గానీ, ఆ రెండు నిమిషాల పనికి సగం రోజు కూర్చోబెట్టారు.

నడక ఎలా ఉందంటే, భాకరాపేట ఘాట్‌లో తేడా బాగా తెలిసింది. ఇదివరకు మలుపుల్లో బ్రేకు వేస్తే ముక్కు పొడుచుకుపోయేది, ఇప్పుడు గట్టిగా నిలుస్తోంది. వంకలో రేకు రాయికి తగలడం పోయింది. ఊళ్లోని చిన్న గతుకులు మాత్రం మునుపటికంటే చేతికి ఎక్కువ తెలుస్తాయి. ఎక్కడం కష్టమైంది. మా అమ్మ ఒకసారి కాలు పెట్టి చూసి "ఇంగ దీనికి నిచ్చెన కూడా తెప్పించు నాయనా" అని దిగిపోయింది. ఇప్పుడు గుడికి ఆటోలో పోతోంది.

మొత్తం 70 వేలు దాటింది, రెండో అలైన్‌మెంట్ అదనం. ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. నా బండికి వారంటీ ఎప్పుడో అయిపోయింది. కొత్త బండివాళ్లు కంపెనీని, ఇన్సూరెన్స్ వాళ్లను ముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోవడం మంచిది.

ఈ కోతలయ్యాక వెనక కమాన్ కట్టకు ఒక పట్టీ చేర్పించాలని ఉంది, లోడులో మరీ కూర్చోకుండా. అది కూడా ఈ మేస్త్రీ చేతికే ఇస్తాను. డబ్బులు మాత్రం లైట్లు సర్ది, ప్రతి నట్టు మీద గీత చూసుకున్నాకే.