విద్యార్థి పరిశోధనకు ఏ పద్ధతి మేలు: అడగడమా, బోధించి పరీక్షించడమా, చదివి సమీక్షించడమా, చూసి కొలవడమా?

నర్సింగ్, పోషకాహార శాస్త్రం, ప్రజారోగ్యం వంటి డిగ్రీ కోర్సుల చివరి సంవత్సరంలో చాలామంది విద్యార్థులు ఒక చిన్న పరిశోధన చేసి నివేదిక సమర్పించవలసి ఉంటుంది. అందుకు పేరుకు ఒక సెమిస్టరు దొరికినా, డ్యూటీలు, పరీక్షలు, ఎథిక్స్ కమిటీ అనుమతి కోసం ఎదురుచూపు పోగా చేతికి మిగిలేది కొద్ది వారాలే. ఆ కొద్ది వారాల్లో ఏ అంశం తీసుకోవాలన్న చర్చ గైడుకూ విద్యార్థులకూ మధ్య ఎంతసేపైనా సాగుతుంది గాని, ఏ పద్ధతి తీసుకోవాలన్నది మాత్రం చర్చ లేకుండానే తేలిపోతుంది: గత సంవత్సరం వారు ఏది చేశారో అదే. విద్యార్థుల ప్రాజెక్టులను ఏళ్ల తరబడి దగ్గరగా చూసినదాన్నిగా, ఈ రెండో నిర్ణయమే మొదటిదానికంటే బరువైనదని నా నమ్మకం. సాధారణమైన అంశాన్ని సరైన పద్ధతిలో పరిశీలిస్తే ఒక చిన్న నిజమైనా బయటపడుతుంది. గొప్ప అంశాన్ని సరిపడని పద్ధతిలో పరిశీలిస్తే నివేదిక మాత్రమే మిగులుతుంది.

అందరికీ ముందుగా తోచేది ప్రశ్నావళి. పరిజ్ఞానం, వైఖరి, ఆచరణ అనే మూడు భాగాలు పెట్టి ముప్పై నలభై ప్రశ్నలు కూర్చి, ఆన్‌లైన్ ఫారంగా మార్చి వాట్సాప్ గ్రూపుల్లో పంపితే వారంలో రెండు మూడు వందల జవాబులు వస్తాయి. ఖర్చు లేదు, శ్రమ తక్కువ, పట్టికలు నిండుగా కనిపిస్తాయి. ఇలాంటి నివేదికల్లో తరచూ కనిపించే 384 అన్న సంఖ్య ఎక్కడిదో అడిగితే చెప్పగలిగిన విద్యార్థులు మాత్రం తక్కువ. జనాభాలో ఒక లక్షణం సగం మందికి ఉందనుకొని, 95 శాతం విశ్వాసంతో, 5 శాతం అటూ ఇటుగా అంచనా కట్టడానికి కావలసిన నమూనా అది. 10 శాతం తేడాను అంగీకరిస్తే 96 మంది చాలు. అయితే ఈ లెక్క మొత్తం యాదృచ్ఛికంగా ఎంచుకున్న నమూనాకు వర్తించేది. మనకు తెలిసినవారు, వారికి తెలిసినవారు, ఆరోగ్యం మీద ఆసక్తి ఉండి ఫారం చివరిదాకా నింపినవారు, వీరంతా కలిసి 384 మంది అయినా 3,840 మంది అయినా, ఆ సంఖ్య నమూనాలోని మొగ్గును సరిచేయలేదు.

ప్రశ్నావళికి ఇంతకంటే లోతైన ఇబ్బంది ఒకటుంది. మనుషులు చెప్పేది, చేసేది ఒకటి కాదు. ఇందులో అబద్ధం ఏమీ లేదు, జ్ఞాపకం స్వభావమే అంత. చేతుల శుభ్రత గురించి ఆరోగ్య సిబ్బందిని అడిగితే వచ్చే శాతం, పక్కన నిలబడి లెక్కిస్తే వచ్చే శాతం కంటే ఎక్కువగా ఉంటుందని అనేక అధ్యయనాలు చూపాయి. ఆహారం విషయంలోనూ అంతే: శరీరం ఖర్చు చేసే శక్తిని ప్రత్యేక ఐసోటోపులు కలిపిన నీటితో కొలిచి, తాము తిన్నామని మనుషులు చెప్పినదానితో పోల్చిన ప్రయోగాల్లో, చెప్పినది తక్కువగానూ, స్థూలకాయం ఉన్నవారిలో ఆ లోటు మరింత ఎక్కువగానూ తేలింది. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనను పాటిస్తున్నారా అని అడిగి, "అవును" అన్నవారి శాతాన్ని ఫలితంగా ప్రకటించడం ఇందువల్లనే నిలవదు. తాను ఎన్ని గ్రాములు తింటున్నాడో ఏ మనిషికీ తెలియదు. అది 24 గంటల మూత్రంలోని సోడియంను కొలిస్తే తప్ప నమ్మకంగా తేలే విషయం కాదు.

ఇక రెండోది, నర్సింగ్ విద్యార్థులకు బాగా అలవాటైన బోధనా కార్యక్రమం. ముందు ఒక పరీక్ష, తర్వాత నలభై నిమిషాల పాఠం, వారం తిరిగేసరికి అదే పరీక్ష మళ్లీ. సగటు మార్కులు పెరుగుతాయి, పి విలువ (నిజంగా ఏ ప్రభావమూ లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.05 కంటే తక్కువ వస్తుంది, బోధన ప్రభావవంతమైనదని తీర్మానం రాస్తారు. నాలుగు పద్ధతుల్లోకీ దీని గురించే నేను ఎక్కువగా బాధపడతాను. జవాబులు చెప్పి, వాటినే అడిగితే మార్కులు పెరగకుండా ఎలా ఉంటాయి? ఫలితం ముందే తెలిసిన ప్రయోగం కోసం జనం సమయం తీసుకోవడం న్యాయం కాదు. పైగా పోల్చి చూసుకోవడానికి పాఠం వినని బృందం లేనప్పుడు, పెరుగుదలలో పాఠం వాటా ఎంత, అవే ప్రశ్నలను రెండోసారి చూసిన పరిచయం వాటా ఎంత, మొదట బాగా తక్కువ మార్కులు వచ్చినవారు రెండోసారి సహజంగానే సగటు వైపు జరగడం ఎంత అన్నది విడదీయలేము.

పోల్చే బృందం విలువ కొత్తగా కనిపెట్టినది కాదు. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు స్కర్వీ సోకిన పన్నెండు మంది నావికులను ఇద్దరిద్దరు చొప్పున ఆరు జంటలు చేసి, ఒక్కో జంటకు ఒక్కో చికిత్స ఇచ్చి, నారింజ, నిమ్మ పండ్లు తిన్న జంట త్వరగా కోలుకోవడం గమనించాడు. ఇద్దరితోనే తేడా కనిపించింది కదా అని నేటి విద్యార్థి అనుకోవచ్చు. ఆ వ్యాధికి కారణమే విటమిన్ సి లోపం కనుక తేడా అంత కొట్టవచ్చినట్టు కనిపించింది. మనం ఇచ్చే ఆహార సలహా వంటి వాటి ప్రభావం ఉంటే గింటే మోస్తరుగా ఉంటుంది. గణాంకాల్లో మధ్యస్థం అని పిలిచే తేడాను, అంటే ప్రామాణిక విచలనంలో (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెలో) సగం మేరకు ఉండే తేడాను, 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే ఒక్కో బృందంలో 64 మంది చొప్పున 128 మంది చివరిదాకా నిలవాలి. అందరినీ వంతులు తప్పకుండా కలిసి, కొలిచి, మధ్యలో మానేసినవారిని లెక్కలోకి తీసుకోవడం ఒక సెమిస్టరులో ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు సాధ్యమయ్యే పని కాదు.

మూడోది ప్రచురిత అధ్యయనాల సమీక్ష. మనుషులను కలవనక్కరలేదు, అందువల్ల అనుమతి కోసం సాధారణంగా నెలలు పోవు. ఇది సులువైన దారి అన్న అభిప్రాయం మాత్రం పొరపాటు. క్రమబద్ధ సమీక్ష అని పేరు పెట్టాలంటే ఏ డేటాబేసులో, ఏ పదాలతో, ఏ తేదీన వెతికారో రాయాలి. దొరికిన ప్రతి అధ్యయనాన్ని ఇద్దరు విడివిడిగా చదివి తీసుకోవాలా వద్దా నిర్ణయించాలి. సమీక్షను ఎలా నివేదించాలో చెప్పే, 2020లో సవరించిన ప్రిస్మా జాబితాలోని 27 అంశాలకూ జవాబు ఉండాలి. ఒంటరి విద్యార్థి ఇంత పెద్ద పేరు పెట్టుకోకుండా, చాలా ఇరుకైన ఒక ప్రశ్న తీసుకొని పది పదిహేను పత్రాలను మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, వాటి లోపాలను తూచి రాస్తే అది ఎంతో గౌరవప్రదమైన పని. సారాంశాలు మాత్రమే చదివి రాసే సమీక్ష కంటే, యంత్రం అల్లిచ్చిన ఉనికిలో లేని పత్రాలను ఉదహరించే సమీక్ష కంటే, చెడ్డగా చేసిన సర్వే కూడా నయం.

దీనికి దగ్గరి చుట్టం, ఇతరులు సేకరించి అందరికీ తెరిచి ఉంచిన డేటా. అమెరికాలో 1999 నుంచి నిరంతర సర్వేగా మారిన ఎన్‌హేన్స్ అనే జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వే, 1984లో మొదలై 90కి పైగా దేశాల్లో జరిగిన డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేలు ఇందుకు ఉదాహరణలు. గణాంకాలు బాగా తెలిసిన గైడు పక్కన ఉంటే వీటిని మించినది లేదు, లేకపోతే వద్దు. నమూనా బరువులను, అంటే ఒక్కో వ్యక్తి జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలను, వదిలేసి లెక్కించడం ఒక ప్రమాదం, ప్రశ్న ముందే రాసుకోకుండా ఏదో ఒకటి తేలేదాకా వెతకడం అంతకు మించిన ప్రమాదం. నిజానికి ఏ సంబంధమూ లేని చోట ఒకదానితో ఒకటి ముడిపడని ఇరవై పరీక్షలు చేస్తే, కనీసం ఒకటైనా 0.05 గీత దాటే అవకాశం దాదాపు 64 శాతం ఉంటుంది.

మిగిలినది చూసి కొలవడం. మొదటిసారి పరిశోధన చేసే విద్యార్థికి నేను ఎక్కువగా సూచించేది ఇదే. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి క్లోమాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, చుట్టూ ఉన్న కణాలకు భిన్నంగా గుంపులుగా ఉన్న కొన్ని కణాలను తన సిద్ధాంత గ్రంథంలో వర్ణించాడు. అవి ఏ పని చేస్తాయో అతనికి తెలియదు, తెలిసినట్టు రాయనూ లేదు. ఆ కణాల నుంచే ఇన్సులిన్ వస్తుందన్నది తరువాతి తరాలకు తేలిన సంగతి. చూసినదాన్ని చూసినంతవరకే జాగ్రత్తగా రాయడం విద్యార్థి చేయగలిగిన పని అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నేటి విద్యార్థికి సూక్ష్మదర్శిని కూడా అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన చేతుల శుభ్రతకు ఐదు సందర్భాలను పట్టికగా పెట్టుకొని, అనుమతితో వార్డులో కూర్చొని, ఏ సందర్భంలో ఎన్నిసార్లు పాటించారో పేర్లు లేకుండా గుర్తు పెట్టవచ్చు. రోగి పళ్లెంలో వడ్డించినదాన్నీ, మిగిలినదాన్నీ తూకం వేసి, ఏ పూట ఎక్కువ వదిలేస్తున్నారో చూడవచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది రక్తపోటు రికార్డుల పరిశీలన. చేత్తో గాలి కొట్టి చదివే మీటరు గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి, చివరి అంకె 0, 2, 4, 6, 8లలో ఒకటే అవుతుంది కనుక, సరిగ్గా చదివితే దాదాపు ఐదింట ఒక కొలత, అంటే 20 శాతం, సున్నాతో ముగియాలి. కొన్ని వందల రికార్డుల్లో చివరి అంకెలు మాత్రం రాసుకుంటే, సిబ్బంది కొలతలను 120, 130, 140 అని గుండ్రం చేస్తున్నారో లేదో తేలిపోతుంది. ఇందులో రోగి పేరు లేదు, ప్రశ్న లేదు, ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడటం లేదు. తేలిన విషయానికి మాత్రం విలువ ఉంది, ఎందుకంటే గుండ్రం చేసిన ఒక అంకె మీద మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆధారపడవచ్చు.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. ఎవరో చూస్తున్నారని తెలిస్తే మనుషులు మారతారు; మొదటి ఒకటి రెండు రోజుల లెక్కను పక్కన పెట్టడం కొంత ఉపశమనం గాని పూర్తి మందు కాదు. ఇద్దరు పరిశీలకులు ఒకే దృశ్యాన్ని రెండు రకాలుగా గుర్తించవచ్చు కనుక, అసలు పని మొదలుపెట్టకముందే ఒకే గంటను ఇద్దరూ విడివిడిగా చూసి, కాకతాళీయంగా కలిసే వాటాను తీసేసి ఏకీభావాన్ని కొలిచే కప్పా విలువతో తమ లెక్కలను సరిచూసుకోవాలి. తాను సేవ చేస్తున్న రోగినే తన అధ్యయనంలో చేర్చుకోవడం మరో ఇబ్బంది, ఎందుకంటే అతను కాదనలేడు. 1964 నాటి హెల్సింకి ప్రకటన నేటి రూపంలో, ఇలా ఆధారపడిన స్థితిలో ఉన్నవారి సమ్మతిని ఆ సంబంధం లేని మరొకరు అడగాలని చెబుతుంది.

నొప్పి, నిద్ర, భయం, ఒంటరితనం వంటివి బయటి నుంచి చూస్తే తెలియవు. అక్కడ మనిషిని అడగడమే సరైన కొలత. అలాంటి అంశం తీసుకున్న విద్యార్థి సొంతంగా నలభై ప్రశ్నలు అల్లడం మాని, ఇప్పటికే పరీక్షకు నిలిచిన ఒక చిన్న స్కేలును అనుమతితో తీసుకొని, దాన్ని జవాబిచ్చేవారి భాషలోకి మార్చి, మరొకరితో తిరిగి మూలభాషలోకి మార్పించి సరిపోల్చి, ముందుగా ఓ పదిమందికి ఇచ్చి ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చొని చూడాలి. ఆ పదిమంది దగ్గర గడిపే రెండు రోజులు తర్వాతి మూడు వందల ఫారాల కంటే ఎక్కువ నేర్పుతాయి, కాబట్టి కాలం చాలకపోతే ఫారాల సంఖ్యను తగ్గించాలి తప్ప ఆ రెండు రోజులను కాదు.