అడ్తి దుకాణంలో పేజ్ బ్రేక్ మాక్రో: ఐదు మిర్చి సీజన్ల తర్వాత

రైతు చేతికిచ్చిన కాగితంలో బస్తాలున్నాయి, తూకముంది, క్వింటా ధర ఉంది. చేతికి రావాల్సిన పైసలే లేవు. ఆ ఒక్క వరుస తర్వాతి పేజీకి జారిపోయింది, ఆ పేజీ ఇంకో రైతు చేతికి పోయింది. "ఏం లెక్క రాసినవ్ బిడ్డా, నా పైసలు పక్కోని కాయితంల ఉన్నయి" అని ఆ పెద్దాయన దుకాణం ముందు నిలబడి అడిగితే హమాలీలంతా ఒకటే నవ్వు. ఎక్సెల్‌లో పేజ్ బ్రేకులను, అంటే ఒక పేజీ ఆగి కొత్త పేజీ మొదలయ్యే చోట్లను, మాక్రోకు (పనిని తనంతట తాను చేసిపెట్టే చిన్న ప్రోగ్రాముకు) అప్పజెప్పింది ఆ వారంలోనే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే చోట, గుమస్తాగా ఐదు మిర్చి సీజన్లు దానితోనే నెట్టుకొచ్చాను.

మా షీటు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పైన నాలుగు వరుసల్లో దుకాణం పేరు, తేదీ, హెడ్డింగులు. కింద ఒక్కో రైతుకు లాట్లను (విడివిడిగా అమ్ముడయ్యే సరుకు కుప్పలను) బట్టి మూడు వరుసలు ఉండొచ్చు, పన్నెండు ఉండొచ్చు. ఆఖర్న హమాలీ కూలి, ఇంతకుముందు తీసుకున్న అడ్వాన్సు పోను నికరం. కావాల్సింది ఒక్కటే, ఒక రైతు లెక్క రెండు పేజీల మధ్య తెగకూడదు.

మొదట్లో పేజ్ బ్రేక్ ప్రివ్యూలోకి వెళ్లి నీలం గీతలను మౌస్‌తో లాగేవాణ్ని. పది పేజీలైతే సరే. జెండా పాట (మార్కెట్‌లో సరుకు వేలం) జోరుగా సాగే మార్చి నెలలో రోజూ ఆ పని చేస్తే కళ్లు పోతాయి. డేటా ట్యాబ్‌లో ఉండే సబ్‌టోటల్ కూడా వాడి చూశాను, అందులో గుంపు మారగానే కొత్త పేజీ వేసే టిక్ ఒకటి ఉంటుంది. అయితే మూడు వరుసల రైతుకూ నిండు ఏఫోర్ కాగితం పోతుంది. సేఠు రెండు రోజులు చూసి, మూడో రోజు కాగితాల బండిల్ తన గల్లా కింద పెట్టుకున్నాడు.

మాక్రో చేసే పని ఇది. ముందుగా రీసెట్ ఆల్ పేజ్ బ్రేక్స్‌తో పాత బ్రేకులన్నీ చెరిపేస్తుంది. ఈ ఒక్క లైను మరిచిపోతే నిన్నటి గీతల మీద ఇవాళ్టి గీతలు పడి, రెండు వరుసలకో పేజీ వస్తుంది. తర్వాత ప్రతి రైతు వరుసల ఎత్తులు కూడుకుంటూ పోతుంది. పేజీలో మిగిలిన జాగాలో ఆ రైతు పట్టకపోతే, అతని మొదటి వరుస ముందు హెచ్‌పేజ్‌బ్రేక్స్.యాడ్ అని ఒక బ్రేకు వేస్తుంది. వరుసలు లెక్కపెడితే సరిపోదా అంటే సరిపోదు. తెలుగు పేరు సెల్‌లో పట్టక రెండో లైనుకు దిగితే ఆ వరుస ఎత్తు పెరుగుతుంది. అందుకే పాయింట్లలో లెక్క, అంగుళానికి 72 పాయింట్లు. ఏఫోర్ నిలువు 842 పాయింట్లు. పైనా కిందా అరంగుళం చొప్పున మార్జిన్ తీస్తే 770. ప్రింట్ టైటిల్ రోస్‌గా పెట్టిన నాలుగు వరుసలు ప్రతి పేజీలో మళ్లీ వస్తాయి కాబట్టి వాటినీ తీసేసి, ఇంకాస్త వదిలి, 660 దగ్గర ఆగాను. జూమ్ 100 మీదే ఉంచాను. షీటును కుదించి పేజీలో ఇమిడ్చే ఫిట్ టు పేజ్ జోలికి పోవద్దు, అది ఆన్‌లో ఉంటే మనం పెట్టిన బ్రేకులను ఎక్సెల్ లెక్కచేయదు. ఇది తెలియక నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

మొదటి రైతు ముందు మాత్రం బ్రేకు వేయకూడదు. వేస్తే ఉత్త హెడ్డింగులతో ఒక పేజీ బయటికొస్తుంది.

ఇక నన్ను ఏడిపించినవి. కోడ్‌లో "నికరం" అని తెలుగులో రాస్తే ఎక్సెల్‌లో మాక్రో కోడ్ రాసే ఎడిటర్ వరసగా ప్రశ్నార్థకాలు పెట్టింది. విండోస్‌లో తెలుగు ఇంత బాగా కనిపిస్తున్నా ఆ ఎడిటర్‌కు ఇంకా తెలుగు రాదు. ఆ మాటను షీటులో ఓ మూల సెల్‌లో రాసి, మాక్రో అక్కణ్నుంచి చదువుకునేలా చేశాను. ఇంకోటి, ఉన్న బ్రేకులు ఎక్కడెక్కడ పడ్డాయో కోడ్‌తో చదవబోతే మామూలు వ్యూలో "సబ్‌స్క్రిప్ట్ అవుట్ ఆఫ్ రేంజ్" అని ఎర్రర్ 9 వచ్చేది, అదీ అప్పుడప్పుడే. స్క్రీన్‌కు అందని బ్రేకుల దగ్గర ఈ తంటా. మాక్రో మొదట్లో పేజ్ బ్రేక్ ప్రివ్యూకు మార్చి, చివర్లో మామూలు వ్యూకు తెస్తే పోయింది. ఒకే ఊరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు రైతులు పైనా కిందా వస్తే ఇద్దర్నీ కలిపేసింది కూడా. అప్పట్నుంచి పేరుతో కాకుండా ఖాతా నంబరుతో పోలుస్తున్నాను.

స్పీడ్ గురించి ఒక మాట. పేజ్ సెటప్‌లో ఏది మార్చినా ఎక్సెల్ ప్రింటర్ డ్రైవర్‌ను పలకరించి వస్తుంది. మా ప్రింటర్ ఆఫ్‌లో ఉన్న రోజు అర నిమిషం అలా బిగుసుకుపోయేది. ప్రింట్ కమ్యూనికేషన్ అనే సెట్టింగును ముందు ఫాల్స్ చేసి, చివర్లో ట్రూ చేస్తే హాయి. ఎక్సెల్ 2010 నుంచి ఉంది.

కంట్రోల్ జెడ్ పనిచేయదని ముందే తెలుసుకోండి. మాక్రో నడిచాక వెనక్కి పోవడం లేదు, సేవ్ చేశాకే బటన్ నొక్కండి. సేఠు ఫోన్‌లో చూస్తానంటాడు, అక్కడ మాక్రో నడవదు, పీడీఎఫ్ చేసి పంపుతాను. 2022 నుంచి మెయిల్లో వచ్చిన మాక్రో ఫైలు తెరిస్తే ఎర్ర పట్టీ వేసి ఆపేస్తోంది. ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి, అదీ పంపింది తెలిసినవాళ్లయితేనే.

రోజుకు ఐదారు పేజీలే తీసేవాళ్లకు ఇదంతా దండగ, చేత్తో గీత లాగడమే నయం. ముప్పై దాటితే మాత్రం నేర్చుకున్న కష్టం ఒక్క సీజన్‌లో తీరిపోతుంది. నాకైతే సాయంత్రం గంట పని బటన్ నొక్కుడుకు వచ్చింది.

ఇప్పటికీ తేలనిది ఒకటుంది. నర్సంపేట వైపు నుంచి ఒక రైతు వస్తాడు, ఆయనవీ, అన్నదమ్ములవీ కలిపి యాభై లాట్లు దాటుతాయి. ఒక పేజీలో పట్టడు. ఎక్సెల్ తనకు తోచిన చోట కోస్తుంది, అక్కడి నుంచి నా ఎత్తుల లెక్క తప్పుతుంది, కింది రైతులంతా చెదిరిపోతారు. ఆయన సరుకు దిగిన రోజు మాత్రం మళ్లీ నీలం గీత పట్టుకుని లాగుతున్నాను.