ఇ-బైక్ ప్యాక్‌కి శాంసంగ్ 35ఈ సెల్సా, 25ఆర్ సెల్సా?

రెండూ లిథియం బ్యాటరీ సెల్సే, రెండూ 18650 సైజే (18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు), చేతిలో పెట్టుకుంటే తేడా తెలియదు. 35ఈలో సుమారు 3,400 ఎంఏహెచ్ (సెల్‌లో పట్టే ఛార్జ్; 1,000 ఎంఏహెచ్ అంటే 1 ఏహెచ్), 25ఆర్‌లో 2,500, అందుకే చాలామంది ఆ ఒక్క అంకె చూసి 35ఈ కొనేస్తారు. ఇంకో అంకె కూడా చూడండి: ఆగకుండా ఇవ్వగలిగే కరెంట్ 35ఈకి 8 యాంప్స్, 25ఆర్‌కి 20.

48 వోల్టుల బైక్‌కి 13 సిరీస్ (ఒకదాని వెనక ఒకటి), 4 ప్యారలల్ (పక్కపక్కన కలిపినవి) ప్యాక్ కడుతున్నాం అనుకుందాం. సిరీస్‌లో పెంచితే వోల్టేజే పెరుగుతుంది, ప్యాక్ ఇవ్వగలిగే కరెంట్ పెరిగేది ప్యారలల్‌తోనే. అంటే 35ఈ ప్యాక్‌కి హద్దు 32 యాంప్స్, 25ఆర్‌కి 80. 25 యాంప్స్ కంట్రోలర్ (మోటార్‌కి వెళ్లే కరెంట్‌ని అదుపు చేసేది) పెడితే ఒక్కో సెల్ మీద 6.25 పడుతుంది. 35ఈకి అది హద్దులోపలే, కానీ నేను కట్టిన మొదటి ప్యాక్ అలాంటిదే, ఫ్లైఓవర్ ఎక్కిన ప్రతిసారీ డిస్‌ప్లేలో వోల్టేజ్ సుమారు 3 వోల్టులు తగ్గిపోయేది, దిగి చెయ్యి పెడితే ప్యాక్ బాగా వెచ్చగా ఉండేది. 25ఆర్ ఆ లోడ్‌ని హాయిగా మోస్తుంది, కాకపోతే 13.6 ఏహెచ్ బదులు 10 ఏహెచ్చే, దూరం తగ్గుతుంది.

బీఎంఎస్ (ప్యాక్‌ని కాపాడే సర్క్యూట్ బోర్డు) మీద 60 యాంప్స్ అని ఉందని 35ఈ ప్యాక్ నుంచి 60 లాగకండి, దయచేసి. అది బీఎంఎస్ తట్టుకునే కరెంట్, సెల్స్‌ది కాదు.

15 యాంప్స్ కంట్రోలర్, చదును రోడ్లు అయితే 35ఈ. 40 యాంప్స్ అయితే 25ఆరే. మధ్యలో 25కి 35ఈనే కావాలంటే 5 ప్యారలల్ పెట్టండి, సెల్‌కి 5 యాంప్సే పడుతుంది.