ఆగుంబె వర్షారణ్యానికి బెంగళూరు నుంచి: ఏ నెలలో వెళ్లాలి, ఎక్కడ దిగాలి

బెంగళూరులో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు చాలావరకు శృంగేరికి వెళ్లినప్పుడు దారిలో ఒక పూట ఆగుంబెను చూసి వచ్చేస్తాయి. ఆ పూట చాలదనీ, ఆగుంబెలోనే రెండు రాత్రులు ఉండి, అక్కడి నుంచి శారదమ్మ దర్శనానికి వెళ్లి రావడం మేలనీ వేర్వేరు కాలాల్లో అక్కడ బస చేసిన అనుభవంతో చెబుతున్నాను. శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి తాలూకాలో, పడమటి కనుమల అంచున ఉన్న ఈ చిన్న ఊళ్లో ఏటా సగటున సుమారు 7,600 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 1946లో ఆగస్టు ఒక్క నెలలోనే 4,508 మిల్లీమీటర్లు నమోదైంది. బెంగళూరులో ఏడాది పొడుగునా కురిసేది సుమారు వెయ్యి మిల్లీమీటర్లే. ఊరిని ఆనుకొని ఉన్న ఆగుంబె రిజర్వు అడవి, దాని పక్కనున్న సోమేశ్వర అభయారణ్యం రెండూ 2012లో యునెస్కో గుర్తించిన పడమటి కనుమల వారసత్వ ప్రాంతంలోనివే.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది నెల. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అడవి నిండుగా ఉంటుంది; కప్పల అరుపులు, చెట్ల మొదళ్లలో రాత్రిపూట మినుకుమినుకుమనే శిలీంధ్రాలు, పచ్చటి పింజరి పాములు ఆ నెలల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. అయితే ట్రెక్కింగ్ దారులు చాలావరకు మూసివేస్తారు, సూర్యాస్తమయ స్థలంలో మంచు తప్ప మరేమీ కనిపించదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. వాన చూడడానికే వచ్చామనుకునేవారికి ఇవేవీ లోటు కావు. పిల్లలకు జలపాతాలన్నీ చూపించాలనుకునేవారికి మాత్రం నిరాశే మిగులుతుంది.

డిసెంబరు నుంచి మే వరకు పొడిగా ఉంటుంది గనుక అప్పుడే క్షేమమని చాలామంది అనుకుంటారు. దీనితో నేను ఏకీభవించను. 1957లో ఇదే జిల్లాలోని క్యాసనూరు అడవిలో తొలిసారి గుర్తించిన వ్యాధి, స్థానికులు ‘మంగన కాయిలె’ అని పిలిచే కోతి జ్వరం, పిడుదుల కాటుతో మనుషులకు సోకేది సరిగ్గా ఆ పొడి నెలల్లోనే. కోతులు చనిపోయిన చోటికి వెళ్లకూడదు, ఎండుటాకుల మీద కూర్చోకూడదు. పిడుదులు దరిచేరకుండా కాళ్లకు, చేతులకు పూసుకొనే డెపా తైలాన్ని ఆరోగ్యశాఖ ఈ గ్రామాల్లో పంచుతుంది. దాన్ని గురించి మీరు దిగిన ఇంటివారిని అడగండి. తిరిగి వచ్చాక కొద్ది రోజుల్లో తీవ్రమైన జ్వరం వస్తే, మలెనాడు (పడమటి కనుమల కొండసీమ) అడవికి వెళ్లివచ్చామని బెంగళూరులోని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. లేకపోతే ఆయన ఆలోచన డెంగీ దగ్గరే ఆగిపోవచ్చు. ఇన్ని విధాల ఆలోచిస్తే అక్టోబరు, నవంబరు నెలలే కుటుంబాలకు అనువైనవి. జలపాతాల్లో నీరు ఉంటుంది, దారులు తెరుస్తారు, సాయంత్రం ఆకాశం తేటగా ఉంటే దూరాన అరేబియా సముద్రం కూడా కనిపిస్తుంది.

వానాకాలంలో జలగల గురించి అతిగా భయపడనవసరం లేదు. వాటి కాటు నొప్పి పెట్టదు. రక్తం గడ్డకట్టకుండా అవి ఒక ద్రవాన్ని వదులుతాయి గనుక కాసేపు కారుతుంది, అంతే. పట్టి లాగకుండా గోటిని చర్మానికి ఆనించి పక్కకు నెట్టి, సబ్బుతో కడిగితే చాలు. మోకాళ్ల దాకా వచ్చే దట్టమైన నేత మేజోళ్లను ప్యాంటు పైకి లాగి తొడుక్కుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. జీన్సు ప్యాంట్లు మాత్రం వద్దు. అక్కడ తడిసిన బట్ట రెండు రోజులకు కూడా ఆరదు.

ప్రయాణం విషయానికి వస్తే, బెంగళూరు నుంచి ఆగుంబె సుమారు 350 కిలోమీటర్లు. సొంత కారులో ఒక రోజంతా పోతుంది. రాత్రి రైలెక్కి తెల్లవారుజామున శివమొగ్గలో దిగి, అక్కడి నుంచి తీర్థహళ్లి మీదుగా బస్సులో వెళ్లడం నాకు అన్నిటికన్నా సుఖంగా తోచింది. కెంపేగౌడ బస్‌స్టేషను నుంచి శృంగేరి, తీర్థహళ్లి వైపు రాత్రి బస్సులు కూడా ఉన్నాయి. ఉడుపి వైపు దిగాలనుకునేవారు ఘాటు రోడ్డు సంగతి ముందు రోజే కనుక్కోవాలి. మలుపులు చాలా బిగువుగా ఉంటాయి, వానల్లో కొండచరియలు విరిగిపడుతుంటాయి, ఆ రోజుల్లో అధికారులు భారీ వాహనాలను ఆపివేయడం పరిపాటి.

బస విషయంలో మాకు రెండు రకాల అనుభవాలు ఎదురయ్యాయి. ఊరికి దూరంగా తోటల మధ్య ఉన్న ఒక విడిదిలో గదులు విశాలంగా ఉన్నాయి. కానీ ‘అడవి నడక’ పేరిట పంపిన కుర్రవాడికి చెట్ల పేర్లు తెలియవు, సాయంత్రం పెద్ద శబ్దంతో పాటలు పెట్టారు. కప్పల అరుపులు వినడానికి అంత దూరం వెళ్లినవారికి ఇది భరించరానిది. తరువాతి సారి ఊళ్లోనే ఒక ఇంట్లో దిగాము. గది చిన్నది, వేడినీళ్లు కట్టెల పొయ్యి మీద కాగేవి. అయినా ఏ దారిలో ఈ వారం నీళ్లు ఉధృతంగా ఉన్నాయో, ఎటు వెళ్లకూడదో ఆ ఇంటి పెద్దాయన పొద్దున్నే చెప్పేవారు. వర్షారణ్యంలో ఇంతకన్నా విలువైన సేవ మరొకటి లేదని నా అభిప్రాయం. భోజనంలో అక్కి రొట్టి (బియ్యప్పిండి రొట్టె), ఆకుకూరలతో చేసే చల్లని తంబుళి, పాలు, బెల్లం కలిపిన ధనియాల కషాయం పెట్టారు. కారం అలవాటైన మా అత్తగారు మొదటి పూట కొంచెం ఇబ్బంది పడినా, రెండో రోజు తంబుళి ఎలా చేయాలో అడిగి మరీ తెలుసుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారు మాత్రం సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని శృంగేరిలో దిగడం మంచిది. మఠం వసతిగృహాలు, మధ్యాహ్నం అన్నప్రసాదం ఉంటాయి గనుక వారికి శ్రమ తగ్గుతుంది.

జలపాతాల్లో జోగిగుండి సులువు. రోడ్డు నుంచి కొద్ది నడకే. వానల్లో అక్కడ నీళ్లలోకి దిగడం ప్రాణాపాయం, కాబట్టి పిల్లల చేయి వదలవద్దు. ఒనకె అబ్బి, బర్కణ వైపు వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అనుమతి అవసరం లేదు, మేం తీసుకెళ్తామనే వారితో వెళ్లకండి. ఈ రెండిటికీ అనుమతి దొరకకపోయినా బాధపడనవసరం లేదు, ఎందుకంటే కుందాద్రి కొండ ఒక్కటి చూసినా ప్రయాణం సార్థకమే. పైదాకా రోడ్డు ఉంది, ఏకశిల మీద పార్శ్వనాథుని జైన ఆలయం, పక్కనే రాతి కొలను ఉన్నాయి. ప్రాచీన జైన గురువు కుందకుందాచార్యులు ఇక్కడ తపస్సు చేశారని జైన సంప్రదాయం చెబుతుంది. ఆయన స్వస్థలంగా భావించే కొనకొండ్ల మన అనంతపురం జిల్లాలోనిదే కావడం వల్ల తెలుగువారికి ఈ కొండ మీద ప్రత్యేకమైన మమకారం కలగడం సహజం.

రాచనాగుకు ఆగుంబె పేరుపొందింది. 2005లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ ఇక్కడ నెలకొల్పిన వర్షారణ్య పరిశోధన కేంద్రం ఆ పామును అధ్యయనం చేస్తుంది. అది విడిది కాదు, ముందస్తు అనుమతి లేకుండా అక్కడికి వెళ్లి వారి పనికి అడ్డు తగలకూడదు. రాచనాగు మనుషులను కాటేయడం చాలా అరుదు. అయినా మన ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరుల విషానికే గానీ రాచనాగు విషానికి తయారైనది కాదు. అందువల్ల చీకటి పడ్డాక టార్చిలైటు లేకుండా నడవడం, దుంగల కింద చేతులు పెట్టడం, పాము కనబడితే ఫొటో కోసం దగ్గరికి పోవడం ఎంతమాత్రం తగవు. పెద్ద ఆసుపత్రి కావాలంటే ఘాటు దిగి మణిపాల్ వెళ్లాలి. ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు గనుక, ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో దిగిన ఇంట్లో చెప్పి బయలుదేరండి. ఖర్చుకు సరిపడా నగదును శివమొగ్గలోనే తీసి దగ్గర ఉంచుకోండి.