పది వేసవులు, తొమ్మిది చలికాలాలు: మా ఇంటి ఏసీ, ఫర్నేస్ గురించి

మేం టెక్సస్‌లో, డాలస్ దగ్గరున్న ఫ్రిస్కోలో ఈ ఇల్లు కొన్నది 2016 మేలో. బిల్డర్ బిగించిన ఏసీ, చలికాలంలో ఇంటిని వేడి చేసే ఫర్నేస్ ఇప్పటికీ అవే నడుస్తున్నాయి. పది వేసవులు, తొమ్మిది చలికాలాలు అయ్యాయి కాబట్టి ఇక వాటి గురించి రాయొచ్చనిపించింది. కొన్న నెలకే రాసే రివ్యూలు నాకు ఎప్పుడూ ఉపయోగపడలేదు, కొత్తలో ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది.

మాది ఒకటే అంతస్తు, 2,300 చదరపు అడుగులు. ఇంటి పక్కన బయట 4 టన్నుల కండెన్సర్, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే పెట్టె, పైన ఆటిక్‌లో, అంటే సీలింగుకీ ఇంటి కప్పుకీ మధ్య ఉన్న చోట, గ్యాస్ ఫర్నేస్, దానికి ఆనించే కూలింగ్ కాయిల్. మన ఊళ్ళలో స్ప్లిట్ ఏసీలు వాడి వచ్చినవాళ్ళకి మొదట్లో వింతగా ఉంటుంది, ఇక్కడ గదికో మిషను ఉండదు. హాల్లో ఉన్న పెద్ద జాలీలోంచి ఇంటి గాలినంతా లాగి, వేసవిలో చల్లటి కాయిల్ మీదుగా, చలికాలంలో మంటతో వేడెక్కిన లోహపు గొట్టాల చుట్టూ తిప్పి, మళ్ళీ అన్ని గదులకీ తోస్తుంది. రెండు కాలాలకీ అదే ఫ్యాను, అవే డక్టులు. వేసవిలో మనం పట్టించుకోని దుమ్ము డిసెంబరులో కూడా ఇబ్బంది పెడుతుంది.

ముందే చెప్పేస్తాను, మిషను మంచిదే. ఇన్నేళ్ళలో కంప్రెసర్ పోలేదు, ఫ్యాను మోటారు పోలేదు. నాకొచ్చిన ప్రతి ఇబ్బందీ గాలి వెళ్ళే దారిలోనో, నీళ్ళు పోయే దారిలోనో, లేదంటే ముప్ఫై డాలర్ల లోపు దొరికే చిన్న పార్టులోనో వచ్చింది. కానీ ఆ చిన్నవాటిని చూపించి పెద్ద బిల్లు వేయబోయినవాళ్ళు ఉన్నారు, దాని సంగతి తర్వాత చెప్తాను.

నీళ్ళతో మొదలుపెడతా, అందరూ మర్చిపోయేది అదే. 2018 జులైలో అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, "ఏరా, రాత్రి వానేమన్నా పడిందా? కిటికీ పైనుంచి నీళ్ళు కారుతున్నాయి" అన్నారు. నెల రోజులుగా చుక్క వాన లేదు, పెరట్లో నేల బీటలు వారి ఉంది. బయటికెళ్ళి చూస్తే కిటికీకి సరిగ్గా పైన, చూరు కింద, నేను అంతకుముందు ఎప్పుడూ గమనించని చిన్న తెల్ల గొట్టం, దాంట్లోంచి చుక్క చుక్కగా నీళ్ళు.

ఆ గొట్టాన్ని కావాలనే కిటికీ పైన పెడతారట, ఇంట్లోవాళ్ళ కంట పడాలని. ఏసీ గాల్లోంచి తీసిన తేమ అసలైతే వేరే దారిలో పోవాలి. మా ఇంట్లో అది బాత్రూమ్ సింకు కింద గొట్టంలో కలుస్తుంది, ఇక్కడి చాలా ఇళ్ళలో అలాగే ఉంటుంది. ఆ దారి మూసుకుపోతే నీళ్ళు ఫర్నేస్ కింద ఉన్న రేకు పళ్ళెంలోకి పొంగుతాయి. ఆ పళ్ళేనికి ఉన్న రెండో గొట్టమే కిటికీ పైకి వచ్చేది. అంటే అక్కడ నీళ్ళు కనపడ్డాయంటే పైన అసలు దారి మూసుకుపోయిందని.

మర్నాడు తెల్లారకముందే ఆటిక్ ఎక్కాను. జులైలో మధ్యాహ్నం ఆటిక్‌లో 130 ఫారెన్‌హీట్ దాటుతుంది, పొద్దెక్కాక అక్కడ పని చేయడం ప్రమాదం. పళ్ళెంలో రెండంగుళాల తుప్పు నీళ్ళు. డ్రెయిన్ గొట్టం మూత తీసి, తడిని కూడా లాగే షాప్ వ్యాక్యూమ్ పెట్టి లాగితే సగ్గుబియ్యం జావలాంటి బూడిదరంగు నాచు ముద్దలు ముద్దలుగా వచ్చింది. అంత చిన్న గొట్టంలో అంత పట్టిందంటే నమ్మబుద్ధి కాలేదు. అప్పటి నుంచి ఏప్రిల్ మొదలు అక్టోబరు దాకా నెలకోసారి ఒక కప్పు తెల్ల వెనిగర్ ఆ గొట్టంలో పోసి, అరగంట ఆగి మామూలు నీళ్ళు పోస్తాను. మళ్ళీ ఇప్పటిదాకా మూసుకుపోలేదు. పళ్ళెంలో ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టించాను, నీళ్ళు నిండితే ఏసీ దానంతటదే ఆగిపోతుంది. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే అన్నయ్యగారింట్లో ఆ స్విచ్ లేదు, వాళ్ళు ఇండియా వెళ్ళిన మూడు వారాల్లో పిల్లల గది సీలింగ్ నాని మంచం మీద ఊడిపడింది. పిల్లలు ఆ సమయంలో అక్కడ లేరు, అంతవరకూ నయం.

ఇక గాలి. లోపలికి లాగే గాలిలో దుమ్ము పట్టే ఫిల్టరుని మూడు నెలలకోసారి మార్చమని దాని మీద రాసిన లెక్క మన ఇళ్ళకి సరిపోదు. మన వంటలో రోజూ పోపు ఉంటుంది, వారానికి రెండు మూడుసార్లు వేపుళ్ళు, పండగొస్తే బూరెలు, గారెలు. మా పొయ్యి మీద ఉన్న హుడ్ పొగని బయటికి పంపేది కాదు, తన జాలీలోంచి తిప్పి మళ్ళీ వంటింట్లోకే వదిలేది. ఆ నూనె ఆవిరంతా చివరికి ఫిల్టరుకీ, అది దాటి కాయిల్‌కీ చేరి జిడ్డులా పట్టుకుంటుంది, ఆ జిడ్డు మీద దుమ్ము అంటుకుంటే కడిగితే గానీ పోదు. దానికి తోడు మా పూజ అలమర సరిగ్గా హాల్లోని ఆ పెద్ద జాలీ పక్కనే ఉండేది. ఒక కార్తీక మాసం అయ్యాక ఫిల్టరు తీస్తే ఒక పక్కంతా నల్లగా మసి, ముక్కు దగ్గర పెడితే అగరుబత్తి వాసన. ఇప్పుడు పూజ అలమర తూర్పు గోడకి మార్చాం, హుడ్ గొట్టం బయటికి పెట్టించాం, ఫిల్టరు వేసవిలో నెలకోసారి, మిగతా కాలంలో ఆరు వారాలకోసారి మారుస్తున్నాను. ఫిల్టరు అంచు మీద మార్కర్‌తో తేదీ రాసి పెడతాను, లేకపోతే ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తుండదు.

ఫిల్టరు విషయంలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. 2020లో, కోవిడ్ భయంతో, మెర్వ్ 8 తీసేసి మెర్వ్ 13 ఫిల్టరు పెట్టాను. మెర్వ్ అంటే ఫిల్టరు ఎంత సన్నటి ధూళిని ఆపుతుందో చెప్పే అంకె. సన్నటి ధూళిని కూడా పడుతుంది, అది నిజమే. కానీ మా స్లాటు ఒక్క అంగుళం మందమే. అంత చిక్కటి ఫిల్టరు ఒక్క అంగుళంలో పెడితే గాలి సరిగా లాగదు, కాయిల్ మీద గాలి తగ్గితే దాని మీది తేమ గడ్డకడుతుంది. రెండు వారాలకి ఏసీ తిరుగుతూనే ఉంది, ఇల్లు మాత్రం చల్లబడట్లేదు. బయట కండెన్సర్ దగ్గరికెళ్ళి చూస్తే, అంత ఎండలో, నల్ల తొడుగు వేసిన లావు రాగి గొట్టం చివర తెల్లగా మంచు పేరుకుని ఉంది. థర్మోస్టాట్‌లో కూలింగ్ ఆపేసి ఫ్యాను ఒక్కటీ ఆన్‌లో పెట్టి నాలుగైదు గంటలు వదిలేస్తే కరిగింది. మళ్ళీ మెర్వ్ 8కి వచ్చేశాను. మెర్వ్ 13 కావాలనుకునేవాళ్ళు నాలుగంగుళాల ఫిల్టరు పట్టే పెట్టె పెట్టించుకోండి, అప్పుడు ఫర్వాలేదు.

బయట ఉన్న కండెన్సర్‌కి పెద్ద సేవ అక్కర్లేదు. చుట్టూ రెండడుగులు ఖాళీ ఉంచాలి, గడ్డి కోసేటప్పుడు మెషీన్ దాని వైపు గడ్డి విసరకుండా చూడాలి. మార్చిలో బ్రేకర్ ఆపేసి మామూలు తోట పైపుతో మెల్లగా కడుగుతాను. ప్రెషర్ వాషర్ జోలికి పోవద్దు, ఆ సన్నటి అల్యూమినియం రేకులు ఒంగిపోతే గాలి ఆడదు. టెక్సస్‌లో ఇంకో బెడద ఉంది, ఫైర్ యాంట్స్. 2019లో ఏసీ ఆన్ అవ్వట్లేదని మెకానిక్‌ని పిలిస్తే, లోపల కాంటాక్టర్ అనే స్విచ్ పలకల మధ్య చీమలు నలిగి నల్లగా మాడిపోయి ఉన్నాయి, ఆ మాడిన పొర వల్ల కరెంటు కలవట్లేదు. ఇప్పుడు ఆ చుట్టూ ఏడాదికి రెండుసార్లు చీమల మందు చల్లుతున్నా.

2023 ఆగస్టు సంగతికి వస్తా. రోజూ 105 ఫారెన్‌హీట్ దాటుతున్న వారం. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో 86, బయట కండెన్సర్ హుం అని మూలుగుతోంది కానీ పైన ఫ్యాను తిరగట్లేదు. ఒక కంపెనీ నుంచి ఒకతను వచ్చి పావుగంట చూసి, కంప్రెసర్ పోయింది, సిస్టమ్ పాతది, మొత్తం మార్చాలి, ఈరోజే సంతకం పెడితే 14,200 డాలర్లు అన్నాడు. ఇంట్లో చిన్న పిల్ల, ఆ ఉక్క, మా ఆవిడకి నాకూ విపరీతమైన టెన్షన్. సంతకం పెట్టేసేవాళ్ళమే. మా ఆవిడే, "ఒక్క రాత్రి మా అక్కావాళ్ళింట్లో పడుకుందాం, రేపు ఇంకొకళ్ళకి చూపిద్దాం" అంది. మర్నాడు వచ్చిన పెద్దాయన ప్యానెల్ విప్పి, మోటార్లు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ నాకు చూపించాడు. చిన్న డబ్బా పాల టిన్ను ఆకారం, పైమూత చదునుగా ఉండాల్సింది పూరీలా ఉబ్బి ఉంది. మీటర్ పెడితే 45 చూపించాల్సిన చోట 19. మార్చాడు, పది నిమిషాల్లో ఫ్యాను తిరిగింది. మొత్తం 240 డాలర్లు తీసుకున్నాడు, ఆ పార్టు బయట కొంటే పాతికే. ఆ 240 ఇచ్చినందుకు నాకేమీ బాధ లేదు, కెపాసిటర్‌లో కరెంటు ఆపాక కూడా చార్జి మిగిలి ఉంటుంది, తెలియనివాళ్ళు ముట్టుకోకూడదు. నాకు కోపమల్లా మొదటివాడి మీదే. ఉక్కలో ఉన్న మనిషి ముందు కాగితం పెట్టి సంతకం అడగడం అన్యాయం. ఎవరైనా మొత్తం మార్చాలంటే ఏ పార్టు పోయింది, మీటర్‌లో ఎంత చూపించింది, కాగితం మీద రాసివ్వమనండి. ఇక్కడ ఈ పని చేసే కంపెనీలకి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు నంబరు ఉండాలి, వ్యాను మీదే రాసి ఉంటుంది, అది కూడా చూసుకోండి.

"గ్యాస్ తగ్గింది, నింపాలి" అనే మాట తెనాలిలోనూ వింటాం, ఇక్కడా వింటాం. ఏసీలో ఉండే గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు, అది పట్టుకోకుండా ప్రతి వేసవీ నింపించుకోవడం డబ్బు దండగ. మా ఏసీలో ఉన్న గ్యాస్ పేరు ఆర్-410ఏ. అమెరికాలో 2025 జనవరి నుంచి ఇళ్ళకి ఆ గ్యాస్‌తో కొత్త సిస్టమ్‌లు తయారు చేయట్లేదు, దాని బదులు ఆర్-32, ఆర్-454బి అనే గ్యాసులు వచ్చాయి. దాన్ని చూపించి మీ పాతది ఇక పనికిరాదని భయపెడుతున్నారు. పాతవాటిని రిపేరు చేయించుకుని వాడుకోవడానికి ఏ అడ్డూ లేదు.

చలికాలం గురించి తక్కువే చెప్తాను, ఫర్నేస్ మాకు తక్కువ పని చెప్పింది. ఒక డిసెంబరులో మంట వెలిగి, నాలుగైదు సెకన్లకి ఆరిపోయి, మళ్ళీ వెలిగి, మూడుసార్లయ్యాక ఊరుకునేది. ఫర్నేస్ తలుపు లోపలి చీటీలో, బోర్డు మీది లైటు ఎన్నిసార్లు మెరిస్తే ఏ తప్పో రాసి ఉంది. ఫ్లేమ్ సెన్సర్ అనే పెన్సిలంత కడ్డీకి పొర పట్టడమే కారణం. కరెంటూ గ్యాసూ ఆపి, ఆ కడ్డీని సన్నటి స్టీల్ ఉన్నితో తుడిస్తే సరిపోయింది.

కానీ 2021 ఫిబ్రవరి మాత్రం మర్చిపోలేను. డాలస్‌లో 16వ తేదీన మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. కరెంటు పోయింది. మాది గ్యాస్ ఫర్నేస్ కదా అని నేను ధైర్యంగా ఉన్నాను, కానీ గ్యాస్ ఉన్నా దాన్ని వెలిగించే బోర్డుకీ, గాలి తోసే ఫ్యానుకీ కరెంటే కావాలి. ఇంటి లోపల 45 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది. అందరం ఒకే గదిలో, ఉన్న రగ్గులన్నీ కప్పుకుని పడుకున్నాం. ఆ రోజుల్లో గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి, ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టి, కార్బన్ మోనాక్సైడ్ పీల్చి చనిపోయినవాళ్ళున్నారు. దానికి వాసన ఉండదు. పడకగదుల బయట అలారం లేకపోతే ఇది చదవడం ఆపి ఇప్పుడే ఆర్డర్ పెట్టండి, మిగతావన్నీ తర్వాత.

ఖర్చు చెప్పాలంటే, ఏటా మార్చిలో ఒక చెకప్ 110 డాలర్ల దాకా, ఫిల్టర్లకి ఇంకో 90. నెలనెలా కట్టే సర్వీసు ప్లాన్ రెండేళ్ళు తీసుకుని మానేశాను, వచ్చినవాళ్ళు చూసేదానికన్నా అమ్మేది ఎక్కువైంది. మధ్యలో నేనే కిచెన్ థర్మామీటర్‌తో జాలీ దగ్గర లోపలికి వెళ్ళే గాలి, గదిలోకి వచ్చే గాలి కొలుస్తాను. తేడా 16 నుంచి 20 ఫారెన్‌హీట్ ఉంటే బాగున్నట్టే. మొన్న ఆగస్టులో 18 వచ్చింది.

తీరని ఇబ్బంది ఒక్కటే మిగిలింది. పడమటి వైపు గది సాయంత్రమయ్యేసరికి మిగతా ఇంటికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువుంటుంది. ఆ గదికి వెళ్ళే మెత్తటి డక్టు ఆటిక్‌లో ఒక దూలం మీద మడతపడి ఉందని ఈమధ్యే చూశాను. నవంబరులో ఆటిక్ చల్లబడ్డాక దాన్ని లేపి పట్టీ కట్టించాలి.