థామస్ పెయిన్: డాక్యుమెంటరీ చూడాలా, కరపత్రం చదవాలా?

అమెరికా స్వాతంత్ర్యం కోసం కలంపట్టిన 18వ శతాబ్దపు ఆంగ్ల రచయిత థామస్ పెయిన్ గురించి తెలుసుకోవాలనుకునేవారికి డాక్యుమెంటరీ అయితే గంట, గంటన్నరలో, పుట్టిన ఊరైన ఇంగ్లండ్‌లోని థెట్‌ఫర్డ్ నుంచి ఫిలడెల్ఫియా, పారిస్‌ల దాకా ఆయన జీవితమంతా చూపుతుంది. 1776 జనవరిలో వెలువడిన ఆయన కరపత్రం ‘కామన్ సెన్స్’ చదవడానికి ఒక సాయంత్రం పడుతుంది, కాపీహక్కులు లేనందున ఖర్చు మాత్రం ఉండదు.

చిత్రంతో ఉన్న ప్రమాదం ఏమిటంటే, 1793 డిసెంబరులో ఆయనను పారిస్‌లోని లక్సెంబర్గ్ జైలులో బంధించిన ఘట్టం మనసును పట్టేసి, వాదన వెనక్కి పోతుంది. కరపత్రంలో వాదనే ముందుంటుంది: ఒక ఖండాన్ని (అమెరికాను) ఒక ద్వీపం (బ్రిటన్) ఎల్లకాలం ఏలడం అసంబద్ధమని ఆయన సూటిగా చెప్పిన తీరు, నా దృష్టిలో, ఏ వ్యాఖ్యాత గొంతులోనూ అంత పదునుగా పలకదు. అయితే బైబిల్ ఉదాహరణలతో రాచరికాన్ని ఖండించే పుటలు కొత్తవారికి భారమే.

ఆ కాలపు చరిత్ర తెలియనివారు చిత్రంతో మొదలుపెట్టడం మేలు. వంశపారంపర్య అధికారం గురించి ఆలోచిస్తున్నవారు నేరుగా కరపత్రమే తెరవాలి.